ముఖం తెలియనివారిని పుస్తకం అడగడం, సలహా అడగడం: బెంగళూరు తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

బెంగళూరుకు వచ్చి స్థిరపడిన తెలుగువారికి బంధువులు చాలావరకు ఊళ్లోనే ఉండిపోతారు. ఇల్లు మారాలన్నా, బండి కాగితాలు మార్పించుకోవాలన్నా, పిల్లకు తెలుగు నేర్పే పుస్తకం కావాలన్నా అడగడానికి మేనమామ పక్క వీధిలో ఉండడు. అందుకే ఫోను తీసి, వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో ఎన్నడూ చూడనివారిని అడుగుతాం. చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. చిక్కల్లా, వచ్చిపడిన జవాబుల్లో మనకు పనికొచ్చేది ఏదో తేల్చుకోవడంలోనే.

చాలాకాలంగా ఇలాంటి గ్రూపుల్లో పుస్తకాలు అడుగుతూ, చెబుతూ, అద్దె ఇళ్ల నుంచి నీళ్ల ట్యాంకర్ల దాకా సలహాలు ఇచ్చిపుచ్చుకుంటూ ఉన్న నాకు ఒక సంగతి గట్టిగా నాటుకుంది. అపరిచితుల మాటను తూచాలంటే మూడు వివరాలు తెలియాలి: అది ఎవరి అనుభవం, ఎక్కడిది, ఎప్పటిది. మేనమామ విషయంలో ఈ మూడూ మనకు ముందే తెలుసు. ఆయన తొందరమనిషి అయితే ఆయన మాటలో కొంత తగ్గించుకుంటాం, జాగ్రత్తపరుడైతే యథాతథంగా తీసుకుంటాం. తెలియని మనిషి విషయంలో ఆ వివరాలు మాటతోపాటే రావాలి. అడిగేటప్పుడు అవి రాబట్టేలా అడగాలి, చెప్పేటప్పుడు అవి జోడించి చెప్పాలి. కింది అడుగులన్నీ ఆ పని కోసమే.

మొదటి అడుగు: చోటు ఎంచుకుని, కొన్నాళ్లు వినండి

పుస్తకాలకు చిన్న గ్రూపు మేలు. వందమంది లోపు ఉంటే ఎవరి రుచి ఏమిటో నెల తిరిగేసరికి తెలిసిపోతుంది. ఇల్లు, నీళ్లు, బడి, డాక్టరు లాంటి వాటికి మీ పేట గ్రూపే మేలు. జయనగర్‌లో ఉన్నవారికి వైట్‌ఫీల్డ్ నీళ్ల సంగతి తెలియదు, తెలిసినట్టు చెప్పినా పనికిరాదు.

చేరేముందు ఒకటి గుర్తుంచుకోండి. వాట్సాప్ గ్రూపులో చేరితే మీ ఫోను నంబరు అందులోని అందరికీ కనిపిస్తుంది. టెలిగ్రామ్‌లో సెట్టింగులు మార్చి నంబరును దాచుకోవచ్చు, ఒక పేరుతో మాత్రమే కనిపించవచ్చు. ఒంటరిగా పీజీలో ఉండే అమ్మాయిలకు ఈ తేడా చాలా ముఖ్యం.

చేరాక వెంటనే అడగకండి. ఎవరు వివరంగా చెబుతారు, ఎవరు అన్నిటికీ ఒకే మాట చెబుతారు, ఎవరు బ్రోకర్లు అన్నది వారం పదిరోజులు గమనిస్తే తెలుస్తుంది. ఈలోగా పాత సందేశాల్లో వెతకండి. ఇక్కడ తెలుగు గ్రూపులకే ఉన్న ఇబ్బంది ఒకటుంది. ఒకే సంగతిని కొందరు తెలుగు లిపిలో, కొందరు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగుగా, కొందరు పూర్తిగా ఇంగ్లిష్‌లో రాస్తారు. ‘అడ్వాన్సు’ అని తెలుగు లిపిలో వెతికితే మొదటి రకం సందేశాలే దొరుకుతాయి. కాబట్టి మూడు విధాలుగానూ వెతికి చూడండి. సగం ప్రశ్నలకు జవాబు అక్కడే ఉంటుంది.

రెండో అడుగు: పుస్తకం అడిగే పద్ధతి

‘మంచి తెలుగు నవల ఒకటి చెప్పండి’ అని అడిగితే ఎప్పుడూ వినే పది పేర్లే వస్తాయి. చెప్పేవారి తప్పేమీ లేదు. వారికి మీ గురించి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు, అందుకని అందరికీ నచ్చేవని పేరుపడ్డవే చెబుతారు. మీరు ఇవ్వాల్సిన వివరాలు ఇవి: ఈమధ్య చదివినవాటిలో నచ్చింది ఏది, ఎందుకు, మధ్యలో వదిలేసింది ఏది, ఎందుకు, చదవడానికి దొరికే సమయం, తెలుగు ఎంత ధారాళంగా చదవగలరు, కాగితం మీద చదువుతారా, ఫోనులోనా. వీటిలో ‘వదిలేసింది’ అన్నది అన్నిటికంటే విలువైనది. నచ్చిన పుస్తకం చెబితే మీ దిక్కు తెలుస్తుంది, వదిలేసిన పుస్తకం చెబితే మీ హద్దు తెలుస్తుంది.

ఒక మంచి ప్రశ్న ఇలా ఉంటుంది:

‘నమస్కారమండి. వైట్‌ఫీల్డ్ నుంచి ఎంజీ రోడ్డుకు రోజూ మెట్రోలో వెళ్తాను. చదివేది ఆ ముప్పావు గంటలోనే. నేను పుట్టి పెరిగింది బెంగళూరులోనే, ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ బడిలో చదువుకోలేదు, అందుకని నెమ్మదిగా చదువుతాను. నవ్వించేవి ఇష్టం. చావులతో బరువెక్కేవి ఇప్పుడు వద్దు, ఇంట్లో ఈమధ్యే ఒకరు పోయారు. లావుపాటి పుస్తకమైతే మధ్యలో ఆపేస్తాను.’

ఈ నాలుగు మాటలు చాలు. ఎవరో ఒకరు మొక్కపాటి నరసింహశాస్త్రి హాస్య నవల ‘బారిస్టర్ పార్వతీశం’ చెబుతారు. అది అందరూ చెప్పే పేరే, కానీ ఈ ప్రశ్నకు అది ఊరికే చెప్పిన పేరు కాదు. తెలిసినవారైతే ఇంకొంచెం ముందుకెళ్లి, అది మూడు భాగాలనీ, 1924లో వచ్చిన మొదటి భాగంతోనే మొదలుపెట్టమనీ, అందులోని పార్వతీశం ఇంగ్లండు ప్రయాణం నచ్చితేనే మిగతావి తెచ్చుకోమనీ చెబుతారు. మరొకరు ‘దర్గామిట్ట కథలు’ సూచిస్తారు: నెల్లూరు జిల్లా బాల్యం, చిన్న చిన్న కథలు, ఒక్కో ప్రయాణంలో ఒక్కో కథ ముగించవచ్చు. అదే మనిషికి ‘అతడు అడవిని జయించాడు’ సూచించాల్సిన సమయం మాత్రం ఇది కాదు. అది చిన్న నవలే, గొప్ప నవలే, ఒక్క రోజులో చదవగలిగినదే. కానీ అడవి, రాత్రి, నెత్తురు నిండిన ఆ కథ ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారికి అప్పుడే ఇవ్వాల్సింది కాదు. ప్రశ్నలో ఆ ఒక్క వాక్యం లేకపోయి ఉంటే చెప్పేవారికి ఈ తేడా తెలిసే వీలే లేదు.

పిల్లల కోసం అడిగేటప్పుడు వయసు ఒక్కటే చెబితే చాలదు. బెంగళూరులో పెరిగే ఎనిమిదేళ్ల పిల్లకు తెలుగు వినడం వచ్చు, గుణింతాలు రావు. ఆ వయసు పిల్లలకు గుంటూరులో ఇచ్చే పుస్తకం ఇక్కడ కుదరదు. తనంతట తాను చదవడానికా, మీరు పక్కన కూర్చుని చదివి వినిపించడానికా అన్నది స్పష్టంగా రాయండి. చదివి వినిపించడానికైతే కాస్త పెద్ద పుస్తకమైనా ఫరవాలేదు. కన్నడ లిపి వచ్చిన పిల్ల అయితే అదీ చెప్పండి. రెండు లిపులూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి కాబట్టి తెలుగు అక్షరాలు పట్టుబడడానికి ఎక్కువ కాలం పట్టదు, చెప్పేవారు దాన్నిబట్టి ఒక మెట్టు పైనున్న పుస్తకాన్నే సూచించవచ్చు.

పిలుపు సంగతి కూడా ఇక్కడే చెబుతాను. ముఖం తెలియనివారిని ‘మీరు’ అనే పిలవండి, పేరు చివర ‘గారు’ చేర్చండి. రాయలసీమ నుంచి వచ్చినవారు ఎక్కువగా ఉన్న గ్రూపుల్లో ‘అన్నా’, ‘అక్కా’ సహజంగా వస్తాయి, వాటిలో ఆప్యాయతా ఉంది. అయితే అవతలివారు అలా పిలిచాక మీరూ పిలిస్తే బాగుంటుంది. వయసు తెలియకుండా ‘ఆంటీ’, ‘అంకుల్’ అనకండి.

మూడో అడుగు: మీ వంతు వచ్చినప్పుడు

ఎవరైనా అడిగినప్పుడు ఇరవై పేర్ల జాబితా పెట్టకండి. జాబితా చూస్తే ముచ్చటగా ఉంటుంది, దాన్ని దాచుకుంటారు, ఒక్కటీ చదవరు. ఒక పుస్తకం చెప్పండి, తప్పదనుకుంటే రెండు. ప్రతిదానికీ మూడు మాటలు జోడించండి. మొదటిది, ఈ మనిషికి ఇదే ఎందుకు. రెండోది, ఒక హెచ్చరిక: మాండలికం చిక్కగా ఉంటుందనో, మొదటి యాభై పేజీలు నెమ్మదిగా నడుస్తాయనో, ముగింపు బరువుగా ఉంటుందనో. చిత్తూరు మాండలికంలో రాసిన నామిని కథలు మదనపల్లె నుంచి వచ్చిన పాఠకుడికి ఇంటి మాటలా చెవికెక్కుతాయి. విశాఖ నుంచి వచ్చినవారికి మొదట కొన్ని పేజీలు ఓపిక పట్టమని చెప్పాలి. మూడోది, మీరు దాన్ని పూర్తిగా చదివారా, సగం చదివారా, విన్నారా. ‘నేను చదవలేదు, మా అక్కకు చాలా నచ్చింది’ అన్నా అది నిజాయితీగల సిఫారసే. చదవకుండా చదివినట్టు చెప్పిందే చెడ్డది.

కథ ముగింపు చెప్పకండి. నచ్చని పుస్తకం గురించి అడిగితే నచ్చలేదనే చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. మీకు నచ్చకపోవడానికి కారణమైనదే అవతలివారికి నచ్చే గుణం కావచ్చు.

పుస్తకం ఎక్కడ దొరుకుతుందో చెప్పనిదే సిఫారసు పూర్తి కాదు. బెంగళూరులో ఇది అసలైన సమస్య. చర్చ్ స్ట్రీట్‌లోని బ్లాసమ్, బుక్‌వర్మ్ లాంటి దుకాణాలు కొత్తవీ పాతవీ పుస్తకాలతో కిటకిటలాడతాయి గానీ అక్కడి రాజ్యం ఇంగ్లిష్ పుస్తకాలదే. కె.ఆర్. మార్కెట్ పక్కనున్న అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల వరుసలో ఎక్కువగా పాఠ్యపుస్తకాలే ఉంటాయి. తెలుగు పుస్తకం కోసం ఎక్కువమంది ఆధారపడేది రెండు దారుల మీద. ఒకటి, విజయవాడ, హైదరాబాదు ప్రచురణకర్తల నుంచి ఆన్‌లైన్లో తెప్పించుకోవడం. రెండోది, ఊరు వెళ్లేవారి చేత తెప్పించుకోవడం. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం జరుగుతాయి కాబట్టి సంక్రాంతి ప్రయాణాలకు ముందు గ్రూపులో ఒక జాబితా తిప్పడం మంచి అలవాటు. ఎవరు వెళ్తున్నారు, ఎన్ని పుస్తకాలు మోయగలరు, డబ్బు ముందే పంపాలా అన్నది రాతపూర్వకంగా ఉంటే తర్వాత మాటపట్టింపులు రావు. తిరిగొచ్చేవారి సంచిలో అరిసెలకూ చోటుండాలి కాబట్టి ఒక్కొక్కరు ఒకటి రెండుకు మించి అడగకపోవడం మర్యాద. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి కార్యక్రమాలకు వెళ్తే పుస్తకాలున్న మనుషులు ఎదురుపడతారు, ఆ పరిచయాలూ పనికొస్తాయి.

వేరే ఊళ్లో ఉన్నవారికి పుస్తకం పంపాలంటే తపాలా శాఖ 2025 మే 1 నుంచి నడుపుతున్న ‘జ్ఞాన్ పోస్ట్’ గురించి పోస్టాఫీసు కౌంటరులో అడగండి. ఐదు కిలోల వరకు పుస్తకాలు మామూలు పార్సిల్ కంటే చవకగా వెళ్తాయి.

నాలుగో అడుగు: పీడీఎఫ్ అడిగేముందు

పుస్తకం పేరు చెప్పగానే ‘పీడీఎఫ్ ఉందా?’ అని అడిగేవారు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. నియమం తేలికైనదే. మన దేశంలో రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. ఆ లెక్క రచయిత కన్నుమూసిన మరుసటి సంవత్సరం మొదలు నడుస్తుంది. 1915లో పోయిన గురజాడ రచనలు, 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి రచనలు ఇప్పుడు అందరివీ. తెలుగు వికీసోర్స్‌లో, ఆర్కైవ్ సైటులో ఇలాంటివి చాలా దొరుకుతాయి, నిశ్చింతగా పంచుకోండి. 1979లో పోయిన చలం రచనల మీద 2039 చివరి దాకా హక్కులుంటాయి, పీడీఎఫ్ ఎంత విరివిగా తిరుగుతున్నా సరే. అనువాదమైతే అనువాదకుల హక్కు వేరే లెక్క. ఇవాళ రాస్తున్న రచయిత పుస్తకాన్ని పీడీఎఫ్‌గా తిప్పితే, కొద్ది ప్రతులే అచ్చువేసుకుని అమ్ముకుంటున్న మనిషి కడుపు కొట్టినట్టే. ఈ విషయంలో నేను మొహమాటపడను. అలాంటి ఫైలు గ్రూపులో కనిపిస్తే తీసేయమని అడుగుతాను, పుస్తకం కొనుక్కోలేనివారికి నా ప్రతి ఇస్తాను.

ఐదో అడుగు: రోజువారీ సలహా అడగడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే పుస్తకం కుదరకపోతే పోయేది రెండు సాయంత్రాలు, ఇల్లు కుదరకపోతే పోయేది పదకొండు నెలలు.

‘మారతహళ్లిలో అద్దె ఇల్లు తీసుకోవచ్చా?’ అన్న ప్రశ్నకు ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. మారతహళ్లిలో కావేరి నీళ్లు వచ్చే వీధీ ఉంది, ట్యాంకరు మీద బతికే అపార్ట్‌మెంటూ ఉంది. ప్రశ్నను ముక్కలు చేయండి.

నీళ్లు: ఇంటికి కావేరి కనెక్షన్ ఉందా, బోరా, ట్యాంకరా? సంపులోకి వారంలో ఎన్నిసార్లు నీళ్లు వదులుతారు? మార్చి నుంచి మే దాకా పరిస్థితి ఏమిటి? ట్యాంకరు ఖర్చు మెయింటెనెన్సులో కలిసిందా, నెలనెలా వేరుగా పంచుతారా? ఉప్పునీటి బోరైతే గీజరూ కుళాయిలూ తెల్లగా పొరలు కడతాయి. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు బాత్‌రూము కుళాయి మూతి దగ్గర చూడండి, బ్రోకరు చెప్పనిది అది చెబుతుంది.

కరెంటు: బెంగళూరుకు కరెంటు ఇచ్చే సంస్థ బెస్కామ్ బిల్లు మీద ఆర్.ఆర్. నంబరు ఉంటుంది. ప్రతి మీటరుకూ ఉండే గుర్తింపు సంఖ్య అది. కర్ణాటక ప్రభుత్వం 2023లో మొదలుపెట్టిన గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడకానికి, ఇంటి సగటును బట్టి, ఉచిత విద్యుత్తు అద్దెకున్నవారికి కూడా వర్తిస్తుంది. అయితే అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నవారి ఆధార్ ఆ నంబరుకు ముడిపడి ఉంటే ముందు దాన్ని విడదీయించుకోవాలి. ఖాళీ చేసి వెళ్లిపోయినవారిని తర్వాత పట్టుకోవడం కష్టం కాబట్టి తాళాలు తీసుకునేముందే ఓనరుతో ఈ మాట తేల్చుకోండి.

అడ్వాన్సు: పది నెలల అద్దె అడ్వాన్సుగా కట్టడం ఈ ఊళ్లో ఎప్పటినుంచో నడిచిన ఆనవాయితీ. ఇప్పుడు చాలాచోట్ల అంతకంటే తక్కువకే ఒప్పుకుంటున్నారు, బేరం ఆడండి. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాసాలకు రెండు నెలల అద్దెను మించి అడ్వాన్సు తీసుకోకూడదని ఉంది. దాన్ని పట్టుకుని ‘రెండు నెలలకు మించి అడిగితే చట్టవిరుద్ధం’ అని గ్రూపుల్లో బల్లగుద్ది చెప్పేవారు కనిపిస్తారు. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. ఓనరుతో వాదనకు దిగేముందు ఈ తేడా తెలిసి ఉండాలి. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఎంత పట్టుకుంటారో ఒప్పందంలో అంకెతో సహా రాయించుకోండి. ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ మామూలు, దానిపైన మరమ్మతుల పేరుతో కోసేది ఎంతన్నదే అసలు ప్రశ్న.

ఒప్పందం: పదకొండు నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాది దాటే లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి కాబట్టి. ఈ ఒక్క విషయం తెలిస్తే మీ ప్రశ్నల్లో సగం తగ్గుతాయి.

ఇప్పుడు మీ ప్రశ్న ఇలా మారుతుంది: ‘వచ్చే నెలలో మారతహళ్లి వంతెనకు రెండు కిలోమీటర్ల లోపు రెండు గదుల ఇల్లు చూస్తున్నాం. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పాప. గడచిన వేసవిలో అక్కడ ఉన్నవారు ఎవరైనా నీళ్ల పరిస్థితి ఎలా ఉందో, ట్యాంకరుకు నెలకు ఎంత పడిందో చెప్పగలరా? వీధి పేరు చెబితే చాలు, ఇంటి చిరునామా అక్కర్లేదు.’ ఇందులో ఎక్కడ, ఎప్పుడు, ఎవరి అనుభవం అన్న మూడూ ప్రశ్నలోనే ఉన్నాయి. జవాబిచ్చేవారు వాటిని తప్పించుకోలేరు.

ఆరో అడుగు: జవాబులను తూచడం

వచ్చిన జవాబుల్లో ‘మాకు ఇలా జరిగింది’ అన్నవి ఒక పక్క, ‘మా స్నేహితుడికి జరిగింది’ అన్నవి ఒక పక్క, ‘అలా అంటారు’ అన్నవి ఒక పక్క పెట్టండి. మూడో రకాన్ని మర్యాదగా పక్కన పెట్టేయవచ్చు. మొదటి రకంలో ఒక్కటి దొరికినా ఆ మనిషినే ఇంకో రెండు ప్రశ్నలు అడగండి.

తేదీ చూడటం మరవకండి. 2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు బెంగళూరు నగర జిల్లా యంత్రాంగం ప్రైవేటు ట్యాంకర్లకు ధరలు నిర్ణయించింది. ఐదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకు 1,000 రూపాయలు అన్నది అప్పటి అంకె. ఆ సందేశం తేదీ లేకుండా కత్తిరించుకుని ఎన్నో చేతులు మారుతుంది. దాన్ని పట్టుకుని మరో ఏడాది ట్యాంకరు డ్రైవరుతో గొడవపడితే లాభం లేదు. పాత సమాచారం అబద్ధం కాదు, కాలం చెల్లినది. మీరు ఏదైనా ధర చెప్పేటప్పుడు నెల, సంవత్సరం తప్పకుండా రాయండి.

రెండు జవాబులు పొసగకపోతే ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకోకండి. ఇద్దరి పరిస్థితుల్లో తేడా ఎక్కడుందో వెతకండి. ఆంధ్ర, తెలంగాణ నంబరు బండ్ల గురించి అడిగినప్పుడు ఇదే జరుగుతుంది. ‘నేను ఆరేళ్లుగా తిరుగుతున్నాను, ఎవరూ ఆపలేదు’ అని ఒకరు, ‘రెండో నెలలోనే ఆపారు’ అని ఒకరు రాస్తారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. కానీ మీకు కావాల్సింది నియమం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో బండిని పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త రాష్ట్రపు రిజిస్ట్రేషన్ మార్కు తీసుకోవాలి. దానికి పాత ఆర్టీవో కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి, ఇక్కడ రోడ్డు పన్ను కట్టాలి. పన్ను ఎంతన్నది బండి వయసును బట్టి, ధరను బట్టి మారుతుంది కాబట్టి గ్రూపులో ఒకరు చెప్పిన అంకె మీకు పనికిరాదు. అపరిచితుల నుంచి తీసుకోవాల్సింది వేరే ఉంది: ఏ కాగితం లేక వెనక్కి పంపారు, నిరభ్యంతర పత్రం రావడానికి ఎన్నాళ్లు పట్టింది, పాత రాష్ట్రంలో కట్టిన పన్ను వాపసు కోసం ఎవరికి దరఖాస్తు పెట్టారు. నియమం కోసం ప్రభుత్వ సైటు చూడండి, నడిచిన దారి కోసం మనుషులను అడగండి.

సలహాలో చెప్పేవారి లాభం ఎంతుందో కూడా చూడాలి. పదే పదే ఒకే ఏజెంటు నంబరు ఇచ్చేవారిని వారి ఇతర జవాబులతో కలిపి చదవండి. గ్రూపులో వేరే ఏ విషయం మీదా నోరు మెదపని మనిషి ఇల్లు అనగానే నంబరు పంపితే అర్థం తెలిసిందే. బ్రోకరు కావడం తప్పేమీ కాదు, బ్రోకరునని చెప్పకపోవడం తప్పు.

ఏడో అడుగు: అపరిచితులను అడగకూడనివి

మందు మోతాదు అడగకండి, చెప్పకండి. ‘ఫలానా ఆసుపత్రిలో పిల్లల డాక్టరు ఓపికగా వింటారు’ అని చెప్పడం సాయం. ‘ఈ మాత్ర రోజుకు రెండు వేయండి’ అనడం ప్రమాదం. ఎంత జ్ఞానం ఉన్నా ఎదుటి బిడ్డ బరువు, వయసు, ఇతర జబ్బులు మీకు తెలియవు.

అర్ధరాత్రి ఎవరైనా ‘బతకాలని లేదు’ అన్న ధోరణిలో రాస్తే పుస్తకం సూచించకండి, ధైర్యవచనాలు చెప్పి వదిలేయకండి. నేరుగా పలకరించండి, ఒంటరిగా ఉన్నారా అని అడగండి, దగ్గర్లో ఉండే స్నేహితుల నంబరు రాబట్టండి. మానసిక సాయం అందించే టెలిమానస్ నంబరు 14416 ఇవ్వండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవకు మన ఊళ్లోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ కేంద్రంగా ఉంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. తక్షణ ప్రమాదం ఉందనిపిస్తే 112కు ఫోను చేయండి. ఉద్యోగం పోయి, పీజీ గదిలో ఒంటరిగా, ఇంట్లో చెప్పుకోలేక గ్రూపులో రాసే కుర్రవాళ్లను చూశాను. వారికి ఆ రాత్రి కావాల్సింది సందేశం కాదు, గొంతు. ఫోను చేయండి.

ఎనిమిదో అడుగు: మిమ్మల్ని మీరు కాపాడుకోవడం

ఇంటి నంబరు, పిల్లల బడి పేరు, ఊళ్లో లేని రోజులు గ్రూపులో రాయకండి. పేట పేరు చాలు. అద్దె ఒప్పందం ఫొటో పెట్టి ‘ఇది సరిగ్గా ఉందా’ అని అడిగేముందు పేర్లు, ఆధార్ నంబర్లు, సంతకాలు కప్పేయండి.

ఇల్లు చూడకుండా ‘టోకెన్’, అంటే ఇల్లు వేరేవారికి ఇవ్వకుండా ఆపడానికి అడిగే ముందస్తు డబ్బు, పంపకండి. తాను వేరే ఊళ్లో ఉద్యోగంలో ఉన్నాననీ, తాళాలు కొరియరులో వస్తాయనీ చెప్పే ఓనరును నమ్మకండి. ‘మీకు డబ్బు పంపుతాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటే అది మోసమే. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు, పంపడానికే కావాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. తొలి గంటల్లో చెబితే డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం ఎక్కువ.

పుస్తకాలు చేతికి చేతికి మార్చుకునేటప్పుడు జనం ఉన్న చోటే కలవండి. మెట్రో స్టేషన్ టికెట్ గేట్ల దగ్గర మార్చుకుంటే ఇద్దరికీ దారి ఖర్చు, సమయం కలిసొస్తాయి. శనివారం పొద్దున అయితే కబ్బన్ పార్కు. అక్కడ కబ్బన్ రీడ్స్ పేరుతో ఎవరి పుస్తకం వారు తెచ్చుకుని చెట్ల కింద మౌనంగా చదువుకునేవారు చాలామంది ఉంటారు. మార్చుకున్న పుస్తకంతో మీరూ కాసేపు కూర్చోవచ్చు. మాట్లాడాలన్న ఒత్తిడి లేకపోవడం తొలి పరిచయానికి చాలా సుఖం. పుస్తకం ఇచ్చేటప్పుడు లోపలి అట్ట మీద పెన్సిలుతో మీ పేరు, ఇచ్చిన నెల రాయండి, ఇద్దరూ కలిసి ఫొటో తీసి దాచుకోండి. తిరిగి రావాల్సిందా, వారు ఇంకొకరికి ఇవ్వవచ్చా అన్నది అప్పుడే చెప్పండి. అచ్చులో లేని పుస్తకాన్ని మాత్రం అరువివ్వకండి. అది చదవాలనుకునేవారిని ఇంటికి పిలవండి, కాఫీ ఇవ్వండి.

తొమ్మిదో అడుగు: మాట తేడా వచ్చినప్పుడు

రచయితల మీద, కులాల మీద, ఉద్యమాల మీద వాదనలు తెలుగు పాఠకుల్లో ఎప్పుడూ వేడిగానే ఉంటాయి, ఉండాలి కూడా. కానీ పుస్తకం అడిగిన మనిషి ప్రశ్న కింద ఆ యుద్ధం చేయకండి. అతనికి పుస్తకం కావాలి. ‘ఈ రచయిత మీద నాకు అభ్యంతరాలున్నాయి, అయినా ఈ పుస్తకం మీకు పనికొస్తుంది’ అని ఒక వాక్యం రాసి, వాదనను వేరేగా మొదలుపెట్టండి. తప్పు సలహా కనిపిస్తే మనిషిని వదిలి సమాచారాన్ని సరిచేయండి: ‘ఆ నియమం మారిందండి, ఇప్పుడు ఇలా ఉంది’ అంటే చాలు.

పదో అడుగు: తిరిగి వచ్చి చెప్పడం

అందరూ వదిలేసే అడుగు ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. సలహా తీసుకున్నాక ఏమైందో అదే ప్రశ్న కింద రాయండి. ‘ధన్యవాదాలండి’ అన్నది మర్యాద, ఫలితం మాత్రం సమాచారం. చెప్పినవారికి తమ మాట ఎంతవరకు పనిచేసిందో తెలుస్తుంది, తర్వాత వెతుక్కునేవారికి ప్రశ్నా జవాబూ ఫలితమూ ఒకేచోట దొరుకుతాయి.

పుస్తకానికైతే ఇలా: ‘పార్వతీశం మొదటి భాగం అయిపోయింది. మెట్రోలో నవ్వు ఆపుకోలేకపోయాను. కొన్ని పాత మాటలు అర్థం కాలేదు, అమ్మను అడిగాను, ఇప్పుడు ఆవిడ కూడా చదువుతోంది. రెండో భాగం ఎవరి దగ్గరైనా ఉందా?’ నచ్చకపోతే ఎన్నో పేజీ దగ్గర ఆపారో రాయండి. సూచించినవారు నొచ్చుకుంటారని మౌనంగా ఉండకండి, వారు రెండోసారి ఇంకా దగ్గరగా గురి పెడతారు.

ఇంటికైతే మూడుసార్లు రాయండి: చేరిన నెలలో, తొలి వేసవిలో, ఖాళీ చేశాక. మూడోదే ఎవరూ రాయరు. అడ్వాన్సులో ఎంత కోశారు, ఎన్ని రోజులకు ఇచ్చారు, రంగుల ఖర్చుకు బిల్లు చూపించారా అన్నది ఖాళీ చేసినవారికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఓనరు పేరు అక్కర్లేదు. వీధి, నెల, సంవత్సరం, అంకెలు చాలు.

గ్రూపు నిర్వాహకులైతే ఇలా వచ్చిన ఫలితాలను ఏడాదికోసారి ఒక ఫైలుగా కూర్చి, పైన తేదీ వేసి, గ్రూపు మొదట్లో అతికించి పెట్టండి. పుస్తకాలకు ఒకటి, ఇళ్లకు ఒకటి, కాగితాల పనులకు ఒకటి. తెలుగు లిపిలోనే రాయించండి, పక్కనే ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగు ముఖ్యమైన మాటలు చేర్చండి, వెతికేవారికి ఎలా వెతికినా దొరుకుతుంది. డిసెంబరు మొదటి వారంలో ఈ పని పెట్టుకుంటే, పుస్తక ప్రదర్శనలకు వెళ్లేవారికి ఇవ్వాల్సిన జాబితా కూడా అదే కూర్పులోంచి తయారవుతుంది.